ఓదెమ్మ పెరటి రైలుమార్గం

మోదుగులపల్లి జంక్షనులో ఇడ్లీలు అమ్మడం నేరమని ఓదెమ్మకు చాలాకాలం తెలియదు. స్టేషను ముందర తోపుడుబండి పెట్టుకుని ఏళ్ళ తరబడి అదే నేరం చేసుకుంటూ వచ్చింది. గార్డులు, గ్యాంగుమెన్లు, ఆటోవాళ్ళు, టికెట్టు లేకుండా దిగి గోడ దూకినవాళ్ళు, వాళ్ళ వెంటపడి వచ్చిన టీసీలు, అందరూ ఆ బండి దగ్గరే పక్కపక్కన నిలబడి తినేవారు. మొగుడు పోయినా ఆ బండి ఉంది కాబట్టి ఓదెమ్మ ఎవరి గడపా తొక్కలేదు.

ఒక వేసవిలో మునిసిపాలిటీకి సుందరీకరణ అనే రోగం తగిలింది. జేసీబీ వచ్చి బండిని నుజ్జు చేసింది. బండి ఉన్నచోట సిమెంటు కొంగను నిలబెట్టారు. కొంగ నోట్లోంచి నీళ్ళు రావాలట. ఇప్పటిదాకా రాలేదు. ఓదెమ్మ నోట్లోంచి మాత్రం ఆ రోజు తిట్లు ఏరులై పారాయి.

తిట్టి తిట్టి అలిసిపోయాక మునిసిపల్ ఆఫీసుకు పోయింది.

"నా పెరట్ల నాలుగు రేకులేసుకుని అమ్ముకుంట సారూ. కాయిదమియ్యుండ్రి."

ప్లానింగు సెక్షను ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "మీ పెరడు రైల్వే సరిహద్దుకు ఆనుకుని ఉన్నది. అక్కడ శాశ్వత నిర్మాణము గానీ, తాత్కాలిక నిర్మాణము గానీ, అర్ధశాశ్వత నిర్మాణము గానీ నిషిద్ధము."

"మరి నా బతుకుదెరువు?"

"అది మా సెక్షను కాదు." ఆయనలో ఎక్కడో మనిషి మిగిలి ఉన్నట్టున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చక్రాలున్నది నిర్మాణం కిందికి రాదమ్మా. వాహనం కిందికి వస్తుంది. దానికి మా అనుమతి అక్కర్లేదు."

"నా బండికి చక్రాలు లేకుండెనా? దాన్నెందుకు పలగ్గొట్టిండ్రు?"

"అది రోడ్డు మీద ఉంది. రోడ్డు మీద వాహనం నిలబడితే ఆక్రమణ. పెరట్లో వాహనం నిలబడితే ఆస్తి."

ఓదెమ్మ చదువుకోలేదు గానీ లెక్క అర్థమైంది. పెరట్లో పెట్టదగ్గ వాహనం, నలుగురు కూర్చుని తినడానికి వీలైనది, ఏముంటుంది? రైల్వే యార్డు చివర చిన్నలైను కాలపు బోగీలు కుప్పగా పడి ఉన్నాయి. మోదుగులపల్లిలో ఒకప్పుడు చిన్నలైను ఉండేది. దాన్ని ఎత్తేసి పెద్దలైను వేశాక, ఆ బోగీల చక్రాల మధ్య దూరం కొత్త పట్టాలకు చాలక, అవి అక్కడే తుప్పు పట్టి రావిమొక్కలు మొలిపించుకుంటున్నాయి. వాటిని తుక్కు కింద వేలం వేస్తున్నారు. ఓదెమ్మ మెడలో గొలుసు అమ్మి ఒక బోగీ కొన్నది.

చెదలు తిన్న తలుపులు, విరిగిన చెక్కబల్లలు, కప్పు మీద మొలిచిన మొక్క. చూసినవాళ్ళు నవ్వారు. ఓదెమ్మకు మాత్రం అందులో ఆ మూల పొయ్యి, ఈ పక్క బల్లలు, కిటికీ దగ్గర కూర్చుని చట్నీలో ఇడ్లీ ముంచుకుంటున్న మనుషులు అప్పుడే కనిపించారు. తుప్పు గీకి రెడాక్సైడు రంగు వేస్తే, నాలుగు కొత్త పలకలు కొడితే చాలు. ఇక మిగిలింది పెరడు.

ఆమె అక్క మొగుడు కట్టయ్య రైల్వేలో పట్టాలు వేసే గ్యాంగుకు మేటుగా చేసి రిటైరయ్యాడు. కబురు పెడితే తనలాగే రిటైరైన గ్యాంగునంతా వెంటేసుకుని వచ్చాడు. పెరడు మొత్తం వాళ్ళ అధీనంలోకి పోయింది. సీతాఫలం చెట్టు కొట్టారు. తడకల స్నానాలగది పీకి అవతల పారేశారు. కోళ్ళగూడు ఇంటి కప్పెక్కింది. సందు వైపు గోడను బోగీ పట్టేంత పడగొట్టారు. నేల చదును చేసి, కంకర పోసి, పాతసామాను కొట్టు నుంచి తెచ్చిన చెక్క స్లీపర్లు పరిచి, వాటిమీద రెండు పాత పట్టాలు పెట్టారు.

"దమ్ము పట్టు!" అంటాడు కట్టయ్య.

"ఐసా!" అంటుంది గ్యాంగు.

"మరదలు సూస్తాంది, జర గట్టిగ!"

"ఐసా!"

పలుగులన్నీ ఒక్కసారి లేస్తున్నాయి, ఒక్కసారి దిగుతున్నాయి. రిటైరయ్యాక ఇంట్లో కోడళ్ళ చేత మాటలు పడుతున్న ముసలాళ్ళు ఆ రోజు పడుచువాళ్ళయ్యారు. ఓదెమ్మ చాయ్ పోస్తూ అడిగింది.

"బావా, బోగీని కొలిచినవా?"

కట్టయ్య పలుగు కింద పెట్టాడు. అంత మాట ఎవరూ అనలేదు ఆయన్ని. "నాకు కొలతలు నేర్పుతానవా పిల్లా? జిందగీ అంత పట్టాలెంబడి నడిచిన. కండ్లు మూసుకున్నా నా చేతులు ఏస్తయి."

వేశాయి కూడా. మట్టసంగా, నూలు పట్టి గీసినట్టు, వంటింటి గోడ దగ్గర మొదలై సందు దగ్గర ఆగిపోయే రైలుమార్గం తయారైంది. దానిమీద గుండు దొర్లిస్తే అటునుంచి ఇటు గీత తప్పకుండా పోయింది. గ్యాంగు తృప్తిగా బీడీలు ముట్టించింది.

ఇక బోగీని ట్రెయిలరు మీద ఊళ్ళోంచి తేవాలి. దానికి మునిసిపాలిటీ అనుమతి కావాలి. దరఖాస్తులో "పాత బోగీ" అని రాశారు. అదే కొంప ముంచింది. పాతది ఏది కనపడినా ఆ ఫైలును జిల్లా పురాస్మృతి పరిరక్షణ ప్రాధికార సంస్థకు పంపాలని ఆ నెలే ఉత్తర్వు వచ్చింది.

ఈ సంస్థ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. ఆ ఏడాది దేశం మీద పాతదనం పిచ్చి వచ్చి పడింది. ఉన్న మనుషులకు నీళ్ళివ్వలేనివాళ్ళంతా పోయిన రాజులకు తోరణాలు కట్టడం మొదలుపెట్టారు. ప్రతి జిల్లా తన ఘనత చూపించాలి. పక్క జిల్లాలకు కోటలున్నాయి, శాసనాలున్నాయి. మోదుగులపల్లి సంస్థకు జీపుంది, బోర్డుంది, ప్రత్యేకాధికారి చక్రధరరావు ఉన్నాడు. పురాస్మృతి ఒక్కటే లేదు. ఆ ఊళ్ళో మునిసిపల్ కమిషనరు స్కూటరు కంటే పాతది ఏదీ దొరకలేదు.

చక్రధరరావు గుమస్తాను వెంటబెట్టుకుని బోగీ పెట్టే స్థలం చూడ్డానికి వచ్చాడు. పెరట్లో అడుగు పెట్టి పట్టాల దగ్గర ఆగిపోయాడు.

"ఇవి ఎప్పటివి?"

"సోమారం ఏసినం సారూ."

చక్రధరరావు కూర్చున్నాడు. జేబురుమాలుతో పట్టా పక్క భాగం తుడిచాడు. ఇనుము పోతపోసిన ఫ్యాక్టరీవాళ్ళు వేసిన ఉబ్బెత్తు అంకెలు బయటపడ్డాయి. 1908. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. దండం పెట్టబోయి, గుమస్తా చూస్తున్నాడని ఆగాడు.

"నువ్వు సోమవారం అంటున్నావు. ఇనుము పంతొమ్మిది వందల ఎనిమిది అంటున్నది. నేను ఎవరిని విశ్వసించవలెను?"

"ఇనుము గప్పటిదే సారూ. ఏసుడు సోమారం."

"ఇనుము అప్పటిదైనప్పుడు వేయుట అప్పటిది కాకపోవుట ఎట్లు?"

"మీ అంగి బట్ట ఎన్నడు నేసిండ్రో ఏమొ. కుట్టిచ్చుకున్నది మొన్ననే గాదా?"

చక్రధరరావు గుమస్తా వైపు తిరిగాడు. "స్థానిక ప్రజానీకమునందు చారిత్రక స్పృహ కొరవడినది. రాయి."

కట్టయ్య ముందుకొచ్చి అరచేతులు చూపించాడు. "సారూ, గివి సూడుండ్రి, బొబ్బలు. నేనే ఏసిన."

"బొబ్బల మీద సంవత్సరము ఉండదు. పట్టా మీద ఉన్నది."

ఓదెమ్మకు ఒళ్ళు మండింది. అయినా గొలుసు అమ్మిన మనిషి, ఓపిక పట్టాలి. "సారూ, బోగీ వస్తే మీకే తెలుస్తది. దానికోసమే ఏసినం."

ఆ మాట చక్రధరరావుకు నచ్చింది. శాస్త్రీయంగా అనిపించింది. అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించి, ముద్ర వేయించాడు. బోగీని తెచ్చి పట్టాలపై దింపవలెను. బోగీ కూర్చున్నచో ఇవి బోగీ కొరకే వేసిన నూతన పట్టాలని నిర్ధారింపబడును, అట్టి పట్టాలతో సంస్థకు సంబంధము లేదు. కూర్చోనిచో ఇవి పురాతన మార్గమని నిర్ధారింపబడును.

"గింతేనా?" అంది ఓదెమ్మ సంబరంగా. "రేపే తెస్త."

మరునాడు ఊరంతా సందులో ఉంది. క్రేను వచ్చింది. గ్యాంగు తలలకు తువ్వాళ్ళు చుట్టుకుని పెళ్ళివారిలా నిలబడింది. సందు అవతలి ఇంట్లోంచి జైనాబీ కుట్టుమిషను వదిలేసి వచ్చి గుమ్మంలో నిలుచుంది. ఓదెమ్మ కొబ్బరికాయ కొట్టింది. బోగీ గాలిలో తిరిగి, మెల్లగా కిందికి దిగింది. ఎడమ వైపు చక్రాలు పట్టా మీద ముద్దుగా కూర్చున్నాయి.

కుడి వైపు చక్రాలు రెండో పట్టాకు మూరన్నర ఇవతలే ఆగిపోయి గాలిలో వేలాడాయి.

గ్యాంగంతా కట్టయ్య చేతుల వైపు చూసింది. కట్టయ్య కూడా తన చేతుల వైపే చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు. ఉద్యోగమంతా పెద్దలైను మీద చేసిన చేతులు. కళ్ళు మూసుకుని వేస్తే అవి పెద్దలైనే వేస్తాయి.

"బావా," అంది ఓదెమ్మ, "నీ చేతులు పాడుగాను."

"నిరూపితమైనది!" అని కేక పెట్టాడు చక్రధరరావు.

కట్టయ్య ఆయన కాళ్ళకు అడ్డం పడ్డాడు. "సారూ, తప్పు నాది. చిన్నలైను బోగీకి పెద్దలైను ఏసిన. చేతికి గదే అలవాటు."

"పెద్దమనిషీ, నీ సేవాకాలమెంత?"

"ముప్పై ఎనిమిదేండ్లు సారూ."

"ముప్పై ఎనిమిదేళ్ళు పట్టాలు వేసినవాడు కొలత తప్పెనని నేను నివేదికలో రాయవలెనా? అది నీకు అవమానము, రైల్వేకు అవమానము. నీవు తప్పు చేయజాలవు. కావున ఇవి నీవు వేసినవి కావు."

జన్మలో ఎవరూ కట్టయ్యను అంత గొప్పగా పొగడలేదు. అంత నాశనమూ చేయలేదు.

క్రేనువాడికి ఇంకో గిరాకీ ఉంది. బోగీని సందులో ఓ పక్కన దింపేసి పోయాడు. సాయంత్రానికల్లా మునిసిపాలిటీవాళ్ళు దానికి నోటీసు అంటించారు. రోడ్డు మీద వాహనం నిలబడింది కాబట్టి ఆక్రమణ.

అక్కడితో ఆగినా ఓదెమ్మ ఏదో ఒకటి చేసుకునేది. కానీ చక్రధరరావు ఆలోచించే మనిషి. ఆలోచించే అధికారి కంటే నిద్రపోయే అధికారి వెయ్యి రెట్లు మేలని మోదుగులపల్లికి అప్పుడు తెలిసింది.

"వంటింటి గోడ దగ్గర బయలుదేరి సందు దగ్గర ఆగిపోయే రైలును ఏ ప్రభుత్వమైనా నడుపునా?" అని అడిగాడాయన.

"నడపదు సారూ! గదే నేను మొత్తుకుంటున్న!" అంది ఓదెమ్మ.

"నడపదు. కావున మిగతా మార్గము భూగర్భమున ఉన్నది."

మరునాడు తవ్వకాలవాళ్ళు దిగారు. వంటింట్లో పొయ్యి తీసి బయట పెట్టారు. గచ్చు పగలగొట్టి, బ్రష్షులతో మట్టి ఊడుస్తూ నిలువులోతు గొయ్యి తీశారు. విరిగిన అట్లకాడ ఒకటి దొరికింది. దానికి గుడ్డ చుట్టి, "ఇంజనులో బొగ్గు వేయు పరికరము, భాగము" అని చీటీ కట్టారు.

"అది మా అత్త అట్లకాడ," అంది ఓదెమ్మ.

"మీ అత్తగారు రైల్వేలో పనిచేసిరా?" అని గుమస్తా ఆశగా అడిగాడు.

ఇక జిల్లా ఆఫీసులో ఊరి పటం మీద చక్రధరరావు దారం పట్టాడు. ఓదెమ్మ పెరటి నుంచి రెండు వైపులా తిన్నగా. దారం ఇటు వంటింటి మీదుగా చాకలివాడ మొత్తం దాటింది. అటు జైనాబీ ఇల్లు, ఆ వెనక కూలీల ఇళ్ళు, సర్కారు బళ్ళో ఆడపిల్లల మరుగుదొడ్డి, అన్నిటినీ కోసుకుంటూ పోయింది. పోయి పోయి పాలకపక్షం పెద్దాయన ఫంక్షన్ హాలుకు తగిలింది. చక్రధరరావు చాలాసేపు ఆ హాలును చూశాడు. తర్వాత దారాన్ని వేలితో నెట్టి హాలు చుట్టూ గుండ్రంగా తిప్పాడు.

"అక్కడ మార్గము వంపు తిరిగినది. ఆనాటి ఇంజనీర్ల దూరదృష్టి అట్టిది."

కట్టయ్య ఆ పటం చూసి తల పట్టుకున్నాడు. "సారూ, గా వంపుల బండి తిరగదు. బోర్లపడ్తది."

"ఆ రోజుల్లో బండ్లు నెమ్మదిగా నడిచెడివి."

ఊళ్ళో ఉత్సాహానికి పగ్గాల్లేవు. స్టేషను దగ్గర "పంతొమ్మిది వందల ఎనిమిది మార్గానికి స్వాగతం" అని తోరణం లేచింది. బళ్ళో పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. జ్ఞాపకాలు చెప్పినవాళ్ళకు శాలువా కప్పుతామన్నారు. అంతే, ఊళ్ళో ముసలివాళ్ళందరికీ జ్ఞాపకాలు పుట్టుకొచ్చాయి. చాకలి పెంటయ్య తాత చిన్నప్పుడు ఓదెమ్మ వంటింటి కాడ రైలెక్కి అంగడికి పోయాడట.

"తాతా, గా ఇల్లు నేను కట్టించిన్నాడు నువ్వే గద మట్టి మోసినవ్?" అని అడిగింది ఓదెమ్మ.

"మోసిన బిడ్డా. మోసుకుంట కూత ఇన్న," అన్నాడు పెంటయ్య, శాలువా సర్దుకుని.

ఆ శాలువా భుజం మీద ఉండగానే ఆయన ఇంటికి నోటీసు వచ్చింది. దారం కిందికి వచ్చిన ఇళ్ళన్నీ చారిత్రక రైలుమార్గంపై ఆక్రమణలు. ఖాళీ చేయాలి. వచ్చే పున్నమికి మంత్రిగారు మార్గాన్ని జాతికి అంకితం చేస్తారు, ఆలోగా కూల్చివేత పూర్తి కావాలి. ఖాళీ చేసినవాళ్ళకు ఏమిస్తారని అడిగితే గౌరవం ఇస్తామన్నారు.

జైనాబీ నోటీసు పట్టుకుని సందు దాటి వచ్చింది. ఓదెమ్మ పెరట్లో మూడు రాళ్ళ మీద గంజి కాచుకుంటోంది. లోపల వంటిల్లు గొయ్యిగా ఉంది.

"నీ ఇడ్లీలల్ల మన్నువడ! నీ బోగీ మన్నువడ! నా ఇంటి మీదికి రైలు తెస్తివి గదనే అక్కా!"

ఎవరు తిట్టినా రెండింతలు తిరిగిచ్చే ఓదెమ్మ నోరు ఆ రోజు పెగల్లేదు. జైనాబీ తిట్టి తిట్టి, చివరికి అక్కడే కూలబడి ఏడ్చింది. ఓదెమ్మ గంజి రెండు గిన్నెల్లో పోసి ఒకటి ఆమె ముందు పెట్టింది.

బండి పోయింది. గొలుసు పోయింది. వంటిల్లు గొయ్యయింది. బోగీ సందులో ఎండకు ఎండుతోంది. ఇప్పుడు తన మూలంగా వాడంతా రోడ్డున పడబోతోంది. ఇదంతా ఎందుకు? రెండు పట్టాల మధ్య మూరన్నర ఎక్కువై.

ఓదెమ్మ గంజి తాగడం ఆపింది. మూరన్నరే కదా.

"జైనాబీ, రెండో శనివారం ఎప్పుడు?"

"ఎల్లుండి. ఎందుకక్కా?"

"ఆపీసులు బందుంటయి."

శనివారం పొద్దెక్కాక, పట్టపగలే, గ్యాంగు పలుగులు పట్టుకుని పెరట్లోకి దిగింది. కాపలా ఉన్న హోంగార్డు ఏం పనని అడిగాడు. "మెయింటెనెన్సు," అన్నాడు కట్టయ్య. ఆ మాట గవర్నమెంటు మాటలా ఉంది కాబట్టి హోంగార్డు నీడకు జరిగి కూర్చున్నాడు.

ఈసారి కట్టయ్య చేతులను ఎవరూ నమ్మలేదు, కట్టయ్య కూడా. ఓదెమ్మే బోగీ కిందికి దూరి, చక్రానికీ చక్రానికీ మధ్య తన చీర కొంగుతో కొలిచి ముడివేసింది. ఆ ముడి చూపిస్తూ పట్టాల మధ్య నిలబడింది. "ఇంక ఇటు. ఇంక ఇటు. ఆగు!" ఒక పట్టాను లేపి ఇవతలికి జరిపి బిగించారు. రెండు పట్టాలనూ తిరగేసి, అంకెలున్న పక్కను లోపలి వైపుకు పెట్టారు. చక్రాల కిందికి పాకితే తప్ప ఇక కనపడవు. చక్రధరరావు పాకే రకం కాదు.

తర్వాత సందులో బోగీ ఉన్నచోటి దాకా నాలుగు పట్టా ముక్కలు వేసి, జాకీలు పెట్టి బోగీని వాటి మీదికెక్కించారు. దాన్ని తోయడం ముసలి గ్యాంగు వల్ల కాలేదు. అప్పుడు జైనాబీ కొంగు నడుముకు చుట్టి వచ్చి భుజం ఆనించింది. ఆమె వెనకాల నోటీసులందిన వాడంతా వచ్చింది. కూలీలు, చాకలివాడ ఆడవాళ్ళు. పెంటయ్య తాత శాలువా తీసి గోడ మీద వేసి మరీ వచ్చాడు.

"దమ్ము పట్టు!"

"ఐసా!"

"సర్కారు సూస్త లేదు, జర గట్టిగ!"

"ఐసా!"

బోగీ కిర్రుమని కదిలింది. పడగొట్టిన గోడలోంచి పెరట్లోకి దొర్లుకుంటూ వచ్చి, వంటింటి గోడకు బెత్తెడు దూరంలో ఆగింది. నాలుగు మూలలా కూర్చుంది. ఆదివారమంతా తుప్పు గీకారు, బల్లలు కొట్టారు. సోమవారం తెల్లారేసరికి ఓదెమ్మ ఆ మూల పొయ్యి వెలిగించింది.

చక్రధరరావు వచ్చేసరికి కిటికీల్లోంచి ఆవిరి వస్తోంది. జీపు దిగినవాడు దిగినట్టే ఉండిపోయాడు.

"ఇదేమి?"

"బోగీ సారూ. కూసున్నది."

ఆయన పట్టాల వెంట అటు నడిచాడు, ఇటు నడిచాడు. అంకెలు లేవు. చక్రాలు ఎక్కడా వేలాడటం లేదు. గుమస్తా ఫైలులోంచి ఉత్తర్వు తీసి వినయంగా చదివాడు. బోగీ కూర్చున్నచో నూతన పట్టాలని నిర్ధారింపబడును. సంతకం, ముద్ర.

చక్రధరరావు ముఖం పాలిపోయింది. నాలుగు రోజుల్లో మంత్రి వస్తున్నాడు. దారం వెంట తవ్విన ఏ గోతిలోనూ మేకు కూడా దొరకలేదు. ఎందుకు దొరకలేదో చెప్పమని పైనుంచి రెండుసార్లు అడిగారు. ఉన్న ఒక్క ఆధారమూ ఇప్పుడు పనికిరాకుండా పోయింది, అదీ ఆయన ముద్ర కిందనే.

"మరి ఇచ్చట ఉన్న పంతొమ్మిది వందల ఎనిమిది నాటి మార్గమేది?" అని అడిగాడు. "ఎవరు జరిపిరి? చెప్పండి. చెప్పినచో పూర్వస్థానమునకు మార్పించెదను."

కట్టయ్యకు అబద్ధం చేతకాదు. "సారూ, గవే పట్టాలు, జర ఇటు..."

ఓదెమ్మ ఆయన కాలు తొక్కింది. పట్టాలు జరిపామంటే మళ్ళీ జరుపుతారు. మళ్ళీ దారం పడతారు. సందు అవతలి ఇంటి కిటికీలోంచి జైనాబీ ముఖం కనిపిస్తోంది, కుట్టుమిషను మూట కట్టుకుని సిద్ధంగా ఉన్న ముఖం.

"నేనే ఎత్తుకపోయిన సారూ," అంది ఓదెమ్మ.

"ఏది?"

"లైను."

"ఎంత భాగము?"

"మొత్తం. మా వంటింటి కిందిది, జైనాబీ ఇంటి కిందిది, చాకలివాడ కిందిది, బడి కిందిది. అందుకే మీరు ఎంత తవ్వినా దొరకలె. ఫంక్షన్ హాలు కాడ వంపు తిరిగిందన్నరే, ఆ వంపు సుత ఇడువలె."

"ఒక్కతెవేనా?"

"ఒక్కదాన్నే. ఎవలకు చెప్పలె."

గుమస్తా కలం ఆగిపోయింది. ఒక ఆడమనిషి ఊరి కిందినుంచి మైళ్ళ పొడవు రైలుమార్గం లాగేసి ఎత్తుకుపోయిందని రాయాలా? అతను తలెత్తి పైఅధికారిని చూశాడు.

చక్రధరరావు కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. గోతుల్లో ఏమీ ఎందుకు లేదు? దొంగిలించబడింది కాబట్టి. మార్గం ఉండేదా? ఉండేది, లేకపోతే దొంగిలించడం ఎట్లా? కనిపెట్టిన ఘనత తనది. పోవడం దొంగది. ఉద్యోగంలో ఇంత హాయినిచ్చే వాక్యం ఆయన ఎన్నడూ వినలేదు.

"రాయి," అన్నాడు. "స్వచ్ఛందముగా అంగీకరించినది. రక్షింపదగిన మార్గము ప్రస్తుతము అందుబాటులో లేనందున, దానిపై ఆక్రమణలు కూడ లేనట్లే భావించి నోటీసులు ఉపసంహరించడమైనది."

మంత్రి వచ్చాడు. అంకితసభ చోరీ ఖండనసభగా మారింది, అంతే తేడా. అవే దండలు, అదే మైకు. ఇంత పెద్ద మార్గం పోయేదాకా ఇంతకుముందు పాలించినవాళ్ళు ఏం చేస్తున్నారని ఆయన గర్జించాడు. జనం చప్పట్లు కొట్టారు. పోయిన మార్గాన్ని వెతికి పట్టుకోవడానికి ప్రత్యేక దళం ప్రకటించాడు, ఒక డీఎస్పీతో సహా.

"అక్కా, జైలుకు పోతవే," అంది జైనాబీ, ఆ రాత్రి చట్నీకి పల్లీలు పొట్టు తీస్తూ.

"పోతే పోత. సొత్తు దొరకాలె గద ముందుగాల."

దళం మోదుగులపల్లిలోనే మకాం పెట్టింది. నిందితురాలిపై నిఘా ఉంచాలి కాబట్టి పొద్దున్నే బోగీకి వస్తారు. దూరంగా ఉంటే నిఘా సరిగా సాగదని లోపల బల్లల మీదే కూర్చుంటారు. వాళ్ళకు కిటికీ పక్క సీట్లంటే ఇష్టం. గార్డులు, గ్యాంగుమెన్లు, టీసీలు, వాళ్ళు వెంటపడేవాళ్ళు, అందరూ వాళ్ళ పక్కనే సర్దుకుంటారు.

డీఎస్పీ రెండో ప్లేటు ముగిస్తూ మంచితనంగానే అడుగుతాడు.

"ఓదెమ్మా, మార్గం మొత్తం వద్దు. ఒక్క పట్టా ఎక్కడ దాచినవో చెప్పు. నాకూ పైన జవాబు చెప్పుకునేది ఉంటది."

ఓదెమ్మ ఆయన కూర్చున్న చోటికి సరిగ్గా కింద ఉన్నదాని గురించి ఒక్క క్షణం ఆలోచిస్తుంది. తర్వాత వేడి ఇడ్లీ ఇంకొకటి ఆయన ప్లేటులో వేస్తుంది.

"తినుండ్రి సారూ, చల్లారితే రాయయితది. గా ముచ్చటకు రేపు రాండ్రి."